అటకపై స్నానాల గది: ఆలోచించి కట్టుకొందము

మన నేత కుటుంబములు వలస వచ్చి స్థిరపడిన ఊళ్ళలో ఇండ్లు ఇరుకు, అవసరములు పెద్దవి. సోలాపురములోనైనను, భివండిలోనైనను, సేలములోనైనను, బెంగుళూరు పేటలలోనైనను, బరంపురపు వీధులలోనైనను ముందు మగ్గమునకు చోటు చూచి, తరువాత పొయ్యికి చూచి, మిగిలిన మూలలో మనుషులు సర్దుకొనుట తరతరములుగా మన అలవాటు. ఆ మిగిలిన మూలలో కూడ స్నానమునకు చోటు దొరకలేదు. పెరటిలో తడిక చాటుననో, వంటింటి మోరీ దగ్గర పాత చీర అడ్డము కట్టియో స్నానము కానిచ్చుచున్న కుటుంబములు నేటికిని మనవారిలో ఉన్నవి.

ఇప్పుడు చాలమంది చూపు అటక మీద పడినది. క్రింద చోటు లేదు, పైన అటకలో పాత సామాను తప్ప మరేమియు లేదు, దానినే స్నానాల గదిగా మార్చిన ఎట్లుండునని అడుగుచున్నారు. కొందరు మేస్త్రీని పిలిచి పని మొదలు పెట్టుచున్నారు కూడ. మేస్త్రీ "అగును" అనినంత మాత్రమున అది కాదగిన పని అని అనుకొనరాదు. ఒకసారి నీరెక్కిన తరువాత అటకను మరల అటకగా చేయుట కష్టము.

మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. స్నానాల గది ప్రతి నేత ఇంటికిని ఉండి తీరవలెను. అందుకు అటక చోటును వాడుకొనుట మంచి ఆలోచనయే. కాని మన ఇండ్లలో ఎక్కువ వాటికి స్నానాల గది అటకకు పైన గాక అటకకు క్రిందనే కుదురును. పైన కట్టదగిన ఇండ్లు కొన్ని మాత్రమే. ఏ ఇల్లు ఏ రకమో తెలిసికొనుటకు గొప్ప చదువు అక్కరలేదు. కొలబద్ద, కొంచెము ఓపిక ఉండిన చాలును.

ఇది ఎవరి కొరకు?

గది కొలతలకు పోవుటకు ముందు, ఆ గది ఎవరి కొరకు అను మాట తేల్చుకొనవలెను. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనిలోను, దాని అనుబంధ పనులలోను ఉన్నవారు 35 లక్షలకు పైబడినవారు. మగ్గము మీద నేయువారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. అనగా నేత పని నేడు ప్రధానముగా ఆడవారి చేతులలో ఉన్నది. పగలంతయు ఇంటిలోనే ఉండి, కండెలు చుట్టి, పడుగు అతికి, మగ్గము మీద కూర్చుండువారు వారే. ఇంటిలో చాటైన చోటు లేక ఎక్కువ బాధపడువారును వారే.

మగవాడు ఎట్లో బయట కానిచ్చుకొనును. ఆడవారు తెల్లవారకముందే లేచి పని ముగించుకొనవలెను. లేదా చీకటి పడువరకు ఓర్చుకొనవలెను. అందుకొరకు దాహము వేసినను నీరు తక్కువ త్రాగుచుందురు. నీరు తక్కువ త్రాగి, మూత్రము గంటల తరబడి బిగబట్టినచో మూత్ర సంబంధమైన రోగములు వచ్చునని ఏ వైద్యుని అడిగినను చెప్పును. నెలసరి దినములలో, ప్రసవమైన తరువాత ఈ కష్టము రెండింతలగును. మగ్గము మానిన ఒక దినము కూలి పోవునని లెక్క వేయుదుము గాని, చాటు లేక ఇంటి ఇల్లాలు పడిన రోగమునకు మందులకైన ఖర్చు ఆ లెక్కలో వ్రాయము.

రెండవవారు మన వృద్ధులు. గుంట మగ్గములో నలుబది ఏండ్లు కాళ్ళాడించిన మనిషికి మోకాళ్ళు మాట వినవు. అట్టివారిని చెక్క నిచ్చెన ఎక్కించి స్నానమునకు పంపుట మేలు చేయుట కాదు. కనుక ఇంటిలో వృద్ధులున్నచో, పై గది ఎంత అందముగా కట్టినను వారికి అది లేనట్లే. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో సగము నిర్ణయము దానంతటదే తేలిపోవును.

మన సోలాపురపు మగ్గముల మీద నేసిన టెర్రీ తువాళ్ళు ఎన్ని ఊళ్ళ స్నానాల గదులలో వ్రేలాడుచున్నవో లెక్కలేదు. ఆ తువాలు నేసిన ఇంటిలో తువాలు తగిలించుకొను గోడ లేకుండుట మనకు గౌరవము కాదు.

ముందు ఎత్తు కొలువుడు

స్నానాల గదికి నేల మీదనుండి పైకప్పు వరకు కనీసము 2.1 మీటర్లు, అనగా సుమారు 7 అడుగులు ఎత్తు ఉండవలెనని జాతీయ భవన నియమావళి చెప్పుచున్నది. ఒంటి స్నానాల గదికి 1.8 చదరపు మీటర్లు, అనగా 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు గల చోటు చాలును. మరుగుదొడ్డి కూడ అందులోనే చేర్చినచో 2.8 చదరపు మీటర్లు, అనగా దాదాపు 30 చదరపు అడుగులు కావలెను.

ఇప్పుడు మన ఇంటికి రండు. సాధారణముగా గది ఎత్తు 10 లేక 11 అడుగులు. అటక 7 అడుగుల మీద ఉండును. దాని పైన మిగులునది మూడు నాలుగు అడుగులు. అందులో మనిషి కూర్చుండగలడు గాని నిలువలేడు. కూర్చుండియే స్నానము చేయుదుమనువారు ఉన్నారు. కాని తడి నేల మీద వంగి నడచి, వంగి దిగుట ఎంత ప్రమాదమో ఆలోచింపరు. గాలి వెళ్ళుటకు దారి లేక పైకప్పు నిత్యము చెమ్మగా ఉండును. అట్టి అటకను స్నానాల గదిగా మార్చరాదని మా నిశ్చితాభిప్రాయము.

అటక క్రింద 8 అడుగులు, పైన 7 అడుగులు ఉండవలెనన్నచో గోడ 15 అడుగుల పైమాట కావలెను. అంత ఎత్తు గల ఇండ్లు మనలో లేకపోలేదు. జాకార్డు పెట్టె మగ్గము మీద ఎత్తుగా కూర్చుండవలెను గనుక, ఆ పని కొరకు కట్టిన ఇండ్లు పొడవుగా లేపినవారున్నారు. అట్టి ఇండ్లలో వెనుక భాగమున, మగ్గము లేని వైపున, అటక మీద గది కట్టుటకు వీలున్నది. వారికి మాత్రమే ఇక ముందు చెప్పు బరువు సంగతి.

బరువు మాట

అటక కట్టినది సామాను కొరకు. పాత అచ్చులు, విరిగిన నాడెలు, ఆసు కర్రలు, పండుగ పాత్రలు మోయుటకు అది చాలును. స్నానాల గది అట్లు కాదు. ఒక లీటరు నీరు ఒక కిలో. 200 లీటర్ల పీపా నింపినచో 200 కిలోలు. 500 లీటర్ల తొట్టి పెట్టినచో అర టన్ను. ఇవి గాక గోడలు. నాలుగున్నర అంగుళముల ఇటుక గోడ ఒక మీటరు పొడవు, రెండు మీటర్ల ఎత్తు కట్టినచో అదియొక్కటే 400 కిలోలు దాటును. పళ్ళెము దింపుటకు నేల ఒక అడుగు లోతు చేసి ఇటుక ముక్కలతో పూడ్చినచో ప్రతి చదరపు మీటరునకు నాలుగైదు వందల కిలోలు చేరును. ఇంజనీర్లు ఇంటి గదులకు మనుషులు, సామాను బరువు కింద లెక్క వేయునది చదరపు మీటరునకు 200 కిలోలు మాత్రమే. మూడంగుళముల సామాను అటక దీనికి కూడ కట్టబడి ఉండకపోవచ్చును.

కనుక పాత అటక మీద గోడలు లేపరాదు. ఆ భాగమును తీసివేసి, రెండు గోడల మీద ఇనుప దూలములు ఆనించి, వాని మీద క్రొత్త పలక పోయవలెను. ఈ పనికి అర్హుడైన ఇంజనీరు ఒకసారి వచ్చి చూచి, దూలము ఎంత ఉండవలెనో కాగితము మీద వ్రాసి ఈయవలెను. అందుకు ఇచ్చు రుసుము వృథా కాదు. గోడలకు ఎర్ర ఇటుక బదులు తేలిక దిమ్మెలు గాని సిమెంటు పలకలు గాని వాడినచో బరువు చాలవరకు తగ్గును. నీటి తొట్టిని గది పైన పెట్టక, గట్టి గోడ మీదనో నేల నుండి లేచిన స్తంభముల మీదనో పెట్టవలెను. మట్టి గోడల ఇల్లు అయినచో పైన నీటి గది అను మాటనే విడువవలెను. మట్టి గోడకు చెమ్మ తగిలినచో అది పైకి చెప్పదు, లోపల కరగిపోవును.

చెక్క అటక సంగతి చెప్పనక్కరలేదు. తడిసిన చెక్కకు చెదలు చుట్టము.

నీటికి దారి

నీరు తెచ్చుట సులభము, పంపుట కష్టము. గది ఎక్కడ అని అడుగుటకు ముందు మురుగు ఎక్కడికి పోవును అని అడుగవలెను. వీధి కాలువ గాని, మురుగు తొట్టి గాని ఏ వైపున ఉన్నదో ఆ వైపు గోడకే గది ఆనియుండవలెను. స్నానపు నీటికి 3 అంగుళముల గొట్టము, మరుగుదొడ్డికి 4 అంగుళముల గొట్టము వేరుగా దింపవలెను. మరుగుదొడ్డి గొట్టమునకు ప్రతి 40 అంగుళములకు ఒక అంగుళము వాటము ఉండవలెను. మెలికలు ఎన్ని తగ్గిన అంత మంచిది. గది నేలకు కూడ తూము వైపు వాటము ఉండవలెను. 5 అడుగుల గదికి ముప్పాతిక అంగుళమైనను తప్పదు. గది నేల బయటి నేలకంటె ఒక అంగుళము క్రిందుగా ఉండినచో నీరు గడప దాటదు.

తూము దగ్గర నీటి బిగింపు గల జాలి పెట్టవలెను. అందులో రెండు అంగుళముల నీరు ఎప్పుడును నిలిచియుండి మురుగు వాసనను, బొద్దింకలను ఆపును. మరుగుదొడ్డి గొట్టమును ఇంటి కప్పు దాటి పైకి తీసి గాలి గొట్టముగా విడువవలెను.

బండలు పరచుటకు ముందు నేల మీదను, గోడల మీద ఒక అడుగు ఎత్తు వరకును, స్నానము చేయు వైపు మనిషి ఎత్తు వరకును నీరు దిగని పూత వేయవలెను. పూత ఆరిన పిమ్మట తూము మూసి, రెండంగుళముల నీరు నిలిపి, గోడ మీద గీత గీసి, రెండు రోజులు విడువుడు. క్రింద చెమ్మ గాని, గీత దగ్గర ఎక్కువ తగ్గుదల గాని కనిపించినచో పూత మరల వేయించవలెను. ఈ పరీక్ష కాకముందే మేస్త్రీకి పూర్తి డబ్బు ఈయరాదు. ఈ ఒక్క నియమము పాటించినచో తరువాతి కాలములో ఎన్నో తగవులు తప్పును.

మరమగ్గములున్న ఇంటివారు మరియొక సంగతి తెలిసికొనవలెను. మరమగ్గము అదురు గోడలకెక్కును. గోడలో బిగించిన గొట్టపు అతుకులు, బండల మధ్య పూసిన సిమెంటు ఆ అదురుకు చిట్లును. కనుక మగ్గము పెట్టిన గోడకు నీటి గొట్టములు బిగింపరాదు. గొట్టము గోడ దాటు చోట కొంచెము సందు విడిచి, సాగు గుణము గల పదార్థముతో ఆ సందు పూడ్చవలెను.

మగ్గము నెత్తిన నీరు వద్దు

స్థలము ఉన్నది గదా అని మగ్గము పైనున్న అటకనే స్నానాల గది చేయదలచువారు కలరు. దీనిని మేము పూర్తిగా వ్యతిరేకించుచున్నాము. మగ్గమును మనము పూజించువారము. దాని నెత్తిన మురుగు గొట్టము పోవుట పెద్దలకు మనస్కరింపదు. ఆ భావమును గౌరవింపవలెను. ఆ భావము లేనివారికి కూడ లాభనష్టముల లెక్క ఒకటి ఉన్నది.

జాకార్డు అట్టలు కాగితపు అట్టలు. చెమ్మ తగిలినచో ఉబ్బి వంకర తిరుగును. సూదులు సరిగా ఆడవు, పువ్వు తప్పును. గంజి పెట్టిన పడుగు మీద నీరు పడినచో బూజు పట్టును. జరీ చెమ్మకు నల్లబడును. రంగు నిలువని నూలు పక్క నూలుకు అంటును. ఒక పట్టు చీర పడుగు మీద నాలుగు చుక్కలు కారినచో ఆ నష్టము తువాలు ధర కాదు, చీర ధర. గుంట మగ్గము గుంటలోనికి నీరు ఊరినచో నేతగాని కాళ్ళు చెమ్మలో నానును, కర్రలు పుచ్చును. నూలు నేతకు గాలిలో కొంత తేమ మంచిదే, ఎండ కాలములో మనము నేల తడుపుట అందుకే. కాని గాలిలోని తేమ వేరు, కప్పు నుండి కారు నీరు వేరు.

రంగు అద్దకము ఇంటిలో చేయువారికి ఇంకొక మాట. క్రొత్త గది వచ్చినది గదా అని రంగు నీళ్ళు, కాస్టిక్ సోడా, హైడ్రోస్ ఆ తూములో పోయరాదు. మురుగు తొట్టిలో మలమును కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు వానికి చచ్చును. తొట్టి త్వరగా నిండును. అద్దకమునకు వేరే చోటు, వేరే దారి ఉండవలెను.

రెండు నమూనాలు

మొదటిది, 10, 11 అడుగుల ఇండ్లకు. ఇది మనలో ఎక్కువ మందికి పనికి వచ్చునది. ఇంటి వెనుక మూలలో, మురుగు దారి ఉన్న వైపున, 4 అడుగులు 5 అడుగుల చోటు నేల మీదనే తీసికొనుడు. అక్కడ ఇంతకాలము నేల మీద పెట్టిన నూలు మూటలు, పీపాలు, పెట్టెలు పైకి పోవలెను. గది చుట్టు తేలిక గోడలు లేపి, 7 అడుగుల పైన పలక పోయుడు. ఆ పలక పైన మిగిలిన మూడు నాలుగు అడుగులే క్రొత్త అటక. సామాను పైన, మనిషి క్రింద. చోటు పోలేదు, మారినది. నీటి బరువు భూమి మీద ఉన్నది, వృద్ధులకు మెట్లు లేవు, కారినను మగ్గము మీద కారదు. నూలును మాత్రము ఆ పలక మీద నేరుగా పెట్టక, చెక్క చట్రము మీద పెట్టవలెను. క్రింది గది ఆవిరి వలన పలకకు చెమ్మ పట్టుట కద్దు.

చోటు కొరకు అటకలోని సామాను తగ్గింపక తప్పదు. తాతల నాటి విరిగిన అచ్చులు, చిల్లులు పడిన డబ్బాలు ఎవరికిని పనికిరావు. కాని పాత పువ్వు కాగితములు, జాకార్డు అట్టలు, అంచు నమూనాలు కనిపించినచో పారవేయవద్దు. వానిని సంఘమునకు తెచ్చి ఈయుడు. అవి మన వృత్తి ఆస్తి.

రెండవది, 15 అడుగులకు మించిన ఎత్తు గల పక్కా ఇండ్లకు. వెనుక గోడ వైపున ఇనుప దూలముల మీద క్రొత్త పలక, దాని మీద 5 అడుగులు 6 అడుగుల గది. మరుగుదొడ్డికి గోడ గుండ వెలుపలికి పోవు కుర్చీ పళ్ళెము పెట్టినచో నేల లోతు చేయనక్కరలేదు, బరువు తగ్గును. మోకాళ్ళ నొప్పి గలవారికి కూడ అదియే మేలు. ఎక్కుటకు నిచ్చెన పనికిరాదు, మెట్లే కావలెను. మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళములకు మించరాదు, పాదము పెట్టు వెడల్పు 10 అంగుళములకు తగ్గరాదు. ఈ లెక్కన 8 అడుగుల ఎత్తు ఎక్కుటకు 13 మెట్లు, వానికి తిన్నగా 10 అడుగుల పొడవు చోటు కావలెను. అంత చోటు లేనిచో మధ్య మలుపు తిప్పవలెను. మెట్లకు చోటు లేని ఇంటిలో పై గదికి కూడ చోటు లేదనియే అర్థము.

రెండు నమూనాలకును కొన్ని నియమములు సమానము. తలుపు బయటికి తెరచుకొనవలెను. లోపల ఎవరైన పడిపోయినచో తలుపు వారికి అడ్డుపడదు. గడియ అవసరమునకు బయటనుండి తీయుటకు వీలుగా ఉండవలెను. గోడకు రెండున్నర, మూడు అడుగుల ఎత్తున చేతికి గట్టి కడ్డీ బిగింపుడు. నేలకు నున్నని పలకలు వద్దు. గరుకు షాబాదు బండ మేలు. కిటికీ బయటి గాలిలోనికే తెరచుకొనవలెను, మగ్గపు గదిలోనికి కాదు. దీపపు మీట గది బయట పెట్టవలెను. ఇంటి కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే తెగిపోవు రక్షణ మీట పెట్టించవలెను. గ్యాసుతో నీరు కాచు పెట్టెను ఎట్టి పరిస్థితిలోను గది లోపల బిగింపరాదు. మూసిన గదిలో అది మండినచో పుట్టు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. స్నానమునకు పోయినవారు తిరిగి రాని ఇండ్లు దేశములో అనేకము ఉన్నవి.

ఊరిని బట్టి మార్పు

ఒక ఊరి నమూనా మరియొక ఊరికి అట్లే పనికిరాదు. బరంపురములో ఇండ్లు వరుసగా గోడకు గోడ ఆని పొడవుగా ఉండును. అక్కడ మన గది చెమ్మ పొరుగువారి గోడకు దిగును. కనుక ఉమ్మడి గోడను విడిచి, నాలుగు అంగుళములు ఎడముగా మన గోడ మనము లేపుకొనవలెను; పని మొదలు పెట్టుటకు ముందు పొరుగువారితో ఒక మాట చెప్పవలెను. ముంబయి చాళ్ళలో పై గది మనదైనను క్రింది కప్పు వేరొకరిది. అక్కడ అందరి అంగీకారము లేక గొట్టము కదపరాదు. అద్దె ఇండ్లలో యజమాని అనుమతి, పురపాలక సంఘపు అనుమతి వ్రాతలో తీసికొనుట మరువరాదు. నోటి మాట మీద గది కట్టి, మరుసటి ఏడు ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినచో నష్టము మనదే.

యానాము వంటి గోదావరి ఒడ్డు ఊళ్ళలో ఆలోచన కొంచెము మారును. 2022 జూలై వరదలో యానాములో పేటలు నీట మునిగినవి. అట్టి చోట ఎత్తున మరుగుదొడ్డి ఒకటి ఉండుట నిజముగా అవసరము. నేల మీది పళ్ళెములోనికి వరదలో మురుగు వెనుకకు పొంగును, ఎత్తున ఉన్న దానిలోనికి పొంగదు. కాని మురుగు తొట్టి మూత బిగువుగా లేనిచో అదంతయు వీధి నీటిలో కలియును. కనుక అక్కడ తొట్టి మూతను, గాలి గొట్టమును వరద గీతకు పైగా లేపవలెను.

మురుగు తొట్టి ఎక్కడ ఉన్నను దానిని శుభ్రము చేయుటకు మనిషిని దింపరాదు. 2013 నాటి చట్టము దీనిని నిషేధించినది. చట్టము లేకున్నను మన సుఖము కొరకు మరియొక పేదవానిని ఆ గోతిలో దింపుట ధర్మము కాదు. యంత్రపు బండి గొట్టము అందునట్లు తొట్టి చోటును ముందే చూచుకొనవలెను.

ఖర్చును గురించి

"పెండ్లి అయిన తరువాత చూతము, కూలి పెరిగిన తరువాత చూతము" అను మాట మన ఇండ్లలో స్నానాల గదికే వినబడును, మగ్గమునకు వినబడదు. మగ్గమునకు అప్పు తెచ్చుదుము. అది సంపాదించును గనుక. నేయు చేతులకు ఆరోగ్యము లేనిచో మగ్గము ఏమి సంపాదించును? స్నానాల గదిని విలాసముగా గాక పని ముట్టుగా లెక్కించుట నేర్చుకొనవలెను. "మా తాతలు చెరువుకు పోలేదా?" అని అడుగు పెద్దలకు మా మనవి ఒకటే: తాతల నాటి చెరువులు పేటల క్రింద పూడిపోయినవి, తాతల నాటి చాటు కూడ వానితోపాటే పోయినది.

డబ్బు ఒక్కసారి లేనివారు పనిని మూడుగా విడదీయవచ్చును. మొదట మురుగు గొట్టము, వాటము గల నేల, నీరు దిగని పూత. రెండవది గోడలు, తలుపు, కిటికీ. కడపటిది పలకలు, కొళాయిలు, సొగసులు. చాలమంది దీనిని తలక్రిందుగా చేయుదురు. మెరయు పలకలకు డబ్బు పోసి, కనబడని పూతకు పిసినారితనము చూపుదురు. పలక లేని గదిలో స్నానము చేయవచ్చును, వాటము లేని గదిలో చేయరాదు.

ఇందులో సంఘములు చేయదగిన పని చాల ఉన్నది. ప్రతి ఊరి సంఘము నమ్మకమైన మేస్త్రీల పేర్లు ఒక పట్టికగా సిద్ధము చేయవలెను. పది ఇండ్లవారు కలసి కొన్నచో గొట్టములు, పళ్ళెములు, పూత సామాను తక్కువ ధరకు దొరకును. ఇరుకు సందులలో నాలుగు ఇండ్లకు కలిపి ఒక మంచి మురుగు తొట్టి కట్టుట విడివిడిగా నాలుగు చెడ్డవి కట్టుటకంటె మేలు. ఇంజనీరును ఒక దినము పిలిపించి పేటలోని ఇండ్లన్నియు చూపించినచో ఒక్కొక్కరికి పడు రుసుము స్వల్పము. పొదుపు సంఘములు మగ్గపు అప్పుతో సమానముగా ఈ పనికిని చిన్న అప్పులు ఈయవలెనని మేము కోరుచున్నాము.

కడపటిగా మగవారికి ఒక మాట. గది ఎక్కడ, తలుపు ఏ వైపు, కిటికీ ఎంత ఎత్తు, బట్టలు ఉదుకుటకు బండ కావలెనా వద్దా, ఇవి మేస్త్రీతో మీరు తేల్చుకొనునవి కావు. దినమునకు పదిసార్లు ఆ గదితో పని ఉన్నవారు ఇంటిలోని అమ్మలు, అత్తలు, కోడళ్ళు. కొలబద్ద మీరు పట్టుకొనుడు, గీత ఎక్కడ గీయవలెనో వారిని అడుగుడు. మగ్గములు ఆడని రోజు చూచి ఈ వారములోనే అటక ఎత్తు కొలిచి, మురుగు దారి చూచి వ్రాసిపెట్టుకొనుడు. వాన కాలము రాకముందే పని మొదలు పెట్టినచో పూత ఆరుటకు ఎండ దొరకును.